వృద్ధుల జ్వరమూ, జ్వరమాపకపు గీతా

2020 జూన్ 8న దేశంలో ప్రార్థనాలయాలు మరల తెరచుకొన్నప్పుడు, ద్వారం వద్ద ప్రతివారి శరీరోష్ణాన్ని పరీక్షించి లోనికి విడువవలెనని కేంద్ర ప్రభుత్వం నియమం చేసింది. నుదుటికి గురిపెట్టే ఆ తుపాకి వంటి సాధనం అనతికాలంలోనే మన పెనుగంచిప్రోలు వంటి గ్రామాలలో పసిపిల్లలకు సైతం పరిచితమైపోయింది. అంకె తక్కువగా ఉన్నదా, లోనికి పోవచ్చును. ఎక్కువగా ఉన్నదా, వెనుకకు మరలవలెను. యువకుల విషయంలో ఇది కొంత సబబే కావచ్చు. వృద్ధాశ్రమాలలోని వారికి, మన ఇళ్లలో మంచం పట్టిన పెద్దలకు ఇదే కొలబద్దను వర్తింపజేయడం మాత్రం ప్రమాదకరమని మా అభిప్రాయం.

మాలో ఒకరి నాయనమ్మ సంగతి చెప్పక తప్పదు. ఎనభయ్యవ పడిలో ఉన్న ఆమె రెండు దినాలు అన్నం ముట్టలేదు. ఏనాడో గతించిన తన అన్నగారిని పేరు పెట్టి పిలిచింది. మూడవనాటి తెల్లవారుజామున మంచం ప్రక్కనే కూలబడింది. చూడవచ్చినాయన జ్వరమాపకం పెట్టి, 99.2 డిగ్రీలే గనుక జ్వరం లేదని, వయసు మీద పడినందువల్ల వచ్చిన నీరసమని చెప్పి వెళ్లిపోయినాడు. ఆ సాయంత్రం ఆసుపత్రిలో చూస్తే ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ఆమె కోలుకొన్నది గాని, మరల వాకిలి వరకు నడవలేదు. తరువాత మేము వరుసగా వారం దినాలు ఉదయం పూట చూచినాము. ఆరోగ్యంగా ఉన్ననాడు ఆమె శరీరోష్ణం 97 డిగ్రీలు! ఆనాటి 99.2 ఆమెకు జ్వరమే.

98.6 అనే అంకె జర్మనీలోని లైప్‌జిగ్ నగర వైద్యుడు వుండర్లిష్ 1868లో ప్రకటించిన గ్రంథం ద్వారా లోకానికి అలవాటైనది. వృద్ధుల ఉష్ణం తక్కిన వారికంటె కొంత తక్కువగా ఉంటుందని ఆయనే గుర్తించినాడు. లోకం అంకెను పట్టుకొన్నది, ఆ మాటను విడిచింది. అంతకు ఎంతో పూర్వమే ఇబ్న్ సీనా ముసలితనపు తత్త్వం శీతలము, శుష్కము అన్నాడు. వార్ధక్యంలో వాతం ప్రబలుతుందని, వాతం శీతగుణం కలదని ఆయుర్వేదం చెబుతుంది. (జ్వరానికి ఉర్దూలో వాడే బుఖార్ అన్న మాటకు అరబ్బీలో ఆవిరి అని అర్థమట. కుండ కాగకముందే ఆవిరి కోసం చూడడం వంటిదే మన పని.)

1991లో అమెరికాలో వృద్ధాశ్రమ నివాసులపై జరిగిన ఒక పరిశీలన ప్రకారం, 101 డిగ్రీలను హద్దుగా పెట్టుకొంటే అంటువ్యాధులలో నూటికి 40 మాత్రమే పట్టుబడినవి. హద్దును 100కు దించితే 70 పట్టుబడినవి. అక్కడి అంటువ్యాధి నిపుణుల సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నోటి ఉష్ణం ఒక్కసారి 100 దాటినా, పలుమారులు 99 దాటినా, లేక ఆ మనిషి మామూలు ఉష్ణం కంటె 2 డిగ్రీలు పెరిగినా జ్వరంగానే ఎంచవలెను. ఈ మూడవదే అన్నింటికంటె విలువైనదని మా నమ్మకం. కాని మామూలు ఉష్ణం ఎంతో వ్రాసిపెట్టిన ఇల్లు మన మండలంలో ఎన్ని ఉన్నవి?

కరోనా ఇదే పాఠాన్ని కఠినంగా చెప్పింది. అమెరికా మాజీ సైనికుల వృద్ధాశ్రమాలలో వ్యాధి నిర్ధారణ అయినవారిలో 100.4 డిగ్రీల జ్వరం చూపినవారు నూటికి సుమారు 27 మంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ఆశ్రమంలో 48 మందికి వ్యాధి ఉన్నట్లు తేలగా, పరీక్షనాటికి 27 మందిలో ఏ లక్షణమూ లేదు.

మన మెట్ట ప్రాంతంలో మరొక చిక్కు ఉన్నది. నందిగామ, జగ్గయ్యపేట ఎండలో నడచి వచ్చినవాని నుదురు వ్యాధి లేకున్నా కాలుతుంది. చెమట పట్టి పంకా క్రింద కూర్చున్న రోగి నుదురు చల్లగా తగులుతుంది. పైగా మోకాళ్ల నొప్పులకు మన పెద్దలు దినదినం మ్రింగే పారాసిటమాల్ బిళ్ల జ్వరాన్ని అణచిపెడుతుంది. ఆ సంగతి అడిగేవారెవరు?

99 దాటగానే మందులు మ్రింగించమని మేమనడం లేదు. అనవసరపు యాంటీబయాటిక్కులతో ఇప్పటికే విసిగినాము. జ్వరమాపకం దండుగ అని కూడ మా వాదం కాదు. వృద్ధునికి 101 వచ్చిందంటే ఆలస్యం చేయకుండా వైద్యుని పిలువవలసిందే. అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదనే మా మనవి. అన్నం మానడం, ఉన్నట్టుండి మాట తడబడడం, పడిపోవడం, నిమిషానికి 25 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీయడం, వీటిని చూడడానికి యంత్రం అక్కరలేదు, ప్రక్కన కూర్చునే మనిషి కావలెను.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం నిరాశ్రయులైన పెద్దల కోసం జిల్లాకొక ఆశ్రమమైనా దశలవారీగా స్థాపించవలెనని చెబుతున్నది. అటువంటి చోటులకు సేవాపథకం పేరిట పండ్లు, దుప్పట్లు పట్టుకొని పోయే మన విద్యార్థులు ఒక నోటుపుస్తకం కూడ తీసుకొనిపోవచ్చును. కళాశాల సంఘం వారు పది డిజిటల్ జ్వరమాపకాలు కొనిపెడితే చాలు. దాదీకైనా, నాయనమ్మకైనా ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట. ఒకే వేళ, ఒకే సాధనం, కాఫీ త్రాగిన పావుగంట తరువాత, నాలుక క్రింద. వేసవి సెలవులకు ముందే ఆ పుటలు నింపడానికి మేము సిద్ధంగా ఉన్నాము.