గొలుసు మందు కాదు

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్ళు. ఆరు నెలలుగా రాత్రిళ్ళు నిద్రపోడు. తనలో తాను మాట్లాడుకుంటాడు. అన్నంలో విషం కలిపామంటాడు. పోయిన వారం నాన్నగారిని కొట్టాడు. అప్పటినుంచి పెరటి గదిలో గొలుసు వేసి ఉంచారు. ఆసుపత్రిలో చేరిస్తే ఇక జన్మలో బయటికి పంపరనీ, కరెంటు షాకులు ఇస్తారనీ అమ్మ భయం. ఏం చేయమంటారు?
– ఒక అక్క, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ గొలుసు తీయించి, ఈ రోజే తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. అతను తిరగబడితే 108కి ఫోను చేయండి. పోలీసుల సాయం కూడా అడగవచ్చు. తప్పేమీ లేదు.

మీరు రాసినవి తీవ్రమైన మానసిక వ్యాధి లక్షణాలు. ఇది గాలీ కాదు, ధూళీ కాదు. మందులతో చాలామందికి కొద్ది వారాల్లోనే గుణం కనిపిస్తుంది. గొలుసు మాత్రం అతని అనుమానాన్ని పెంచుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక మీ అమ్మగారి భయం. ఒకప్పుడు అది నిజమే. 1912 నాటి చట్టం పేరులోనే 'పిచ్చి' అనే మాట ఉండేది. వైకల్యం ఉన్నదన్న కారణంతో ఎవరి స్వేచ్ఛనూ హరించరాదని ఐక్యరాజ్యసమితి 2006 ఒడంబడిక చెప్పింది. మన దేశం 2007లో దాన్ని ఆమోదించింది. దానికి అనుగుణంగా 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు.

ఈ చట్టం ప్రకారం గొలుసులతో బంధించడం ఏ రూపంలోనూ కూడదు. రోగి ఒప్పుకోకపోయినా చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు మానసిక వైద్యుడై ఉండాలి. అలా చేర్చుకున్నా 30 రోజులే. ఆ పైన ఉంచాలంటే మళ్ళీ పరీక్షలు, రివ్యూ బోర్డు అనుమతి కావాలి. మీ తమ్ముడు కూడా ఆ బోర్డుకు మొర పెట్టుకోవచ్చు. న్యాయ సహాయం ఉచితం. షాకు చికిత్స అందరికీ అవసరం ఉండదు. ఉన్నా మత్తుమందు లేకుండా ఇవ్వరాదు.

ఒక్కమాట. చేర్చి వెళ్ళి, మళ్ళీ తొంగి చూడని కుటుంబాలను నా సర్వీసులో చాలా చూశాను. జబ్బు నయమై, గేటు వైపు చూస్తూ కూర్చున్నవారికి ఏ మందు రాయాలో నాకు తెలియదు. కనుక వారం వారం వెళ్ళి చూడండి. ఇంటికి వచ్చాక డాక్టరు చెప్పేదాకా మందులు మానిపించవద్దు. సలహాకు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.