కప్పలను కోసి ఏం సాధించారంటారా?

గూడూరులో చదువుకున్నవాళ్లు కూడా ఈ మధ్య తడుముకోకుండా అనేస్తున్న మాటలు కొన్ని ఉన్నాయి. ప్రయోగశాలల్లో కప్పలను హింసించి శాస్త్రవేత్తలు పేపర్లు రాసుకున్నారే తప్ప మనిషికి ఒరిగిందేమీ లేదట. తెలుసుకోవలసింది ఏమైనా ఉంటే ఇప్పుడు కంప్యూటర్ ఉందట. అసలిది తెల్లవాళ్ల చదువు, మనది కాదట. మూడూ తప్పే. మొదటిది మరీ తప్పు. దాన్ని కొట్టిపారేసే సాక్ష్యం ఊళ్లోని ప్రతి నర్సింగ్‌హోమ్‌లో స్టాండుకు వేలాడుతోంది.

ఆర్‌ఎల్ సీసా ఎరగని ఇల్లు లేదు. రింగర్ లాక్టేట్ అని దాని మీద రాసే ఉంటుంది. సిడ్నీ రింగర్ లండన్‌లో డాక్టరు. కోసి తీసిన కప్ప గుండె ఏ ద్రవంలో ఎక్కువసేపు కొట్టుకుంటుందో చూస్తూ, ఉప్పునీళ్లలో అది బాగానే కొట్టుకుంటోందని 1882లో రాశాడు. తర్వాత బయటపడిందేమిటంటే, ఆ ఉప్పునీళ్లు కలిపింది డిస్టిల్డ్ వాటర్‌తో కాదు, కుళాయి నీళ్లతో. నిజంగా డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోస్తే గుండె నీరసించి ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న కాల్షియమే అన్నాళ్లూ దాన్ని ఆడించింది. తన మొదటి మాట తప్పని 1883లో తానే అచ్చు వేయించి, గుండె కండరం ముడుచుకోవాలంటే కాల్షియం తప్పదని రింగర్ తేల్చాడు. 1930ల్లో అమెరికాలో పిల్లల డాక్టరు అలెక్సిస్ హార్ట్‌మన్ ఆ ద్రవానికి లాక్టేట్ చేర్చాడు. విరేచనాలతో ఒళ్లు సోలిపోయిన బిడ్డకు ఎక్కించే సీసా లేబులు చదవండి: సోడియం, పొటాషియం, కాల్షియం, లాక్టేట్. ఆ జాబితా మొదలైంది కప్ప గుండె దగ్గర.

ఇంకో ఉదాహరణ మన పొలాలకు మరీ దగ్గరది. గాలికి ఎదురు నిలబడి పురుగులమందు కొట్టిన కూలీకి నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, ఛాతీలో గురగుర, నాడి నెమ్మదించడం. ఆర్గానోఫాస్ఫేట్ మందుల దెబ్బ ఇలాగే ఉంటుంది. ఆస్పత్రిలో అట్రోపిన్ మీద అట్రోపిన్ ఇస్తారు. ఎందుకిస్తారో మనిషికి తెలిసింది ఎక్కడ? 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆటో లోవీ రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. ఒకదాని వేగస్ నరాన్ని కరెంటుతో కదిలిస్తే అది నెమ్మదించింది. దాన్ని ముంచిన ద్రవాన్ని తీసి రెండో గుండెకు పోస్తే, ఏ నరమూ ముట్టకుండానే అదీ నెమ్మదించింది. నరం గుండెకు చెప్పదలచింది ఒక రసాయనంతో చెబుతుందని అలా రుజువైంది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. 1926లో నవ్రాతిల్‌తో కలిసి లోవీ మరో మెట్టు ఎక్కాడు: ఆ రసాయనాన్ని వెంటనే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉందనీ, దాన్ని కొన్ని మందులు అడ్డుకుంటాయనీ కప్ప గుండె మీదే చూపాడు. పురుగులమందు మనిషి ఒంట్లో చేసే పని సరిగ్గా ఇదే. ఎంజైమ్‌ను కట్టేస్తుంది, ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది.

అట్రోపిన్ చెట్ల నుంచి వచ్చిన మందు, అది లోవీకి ముందే ఉంది కదా అని అడగవచ్చు. ఉంది. ఉమ్మెత్త జాతి మొక్కల గుణం మన వైద్యులకూ తెలుసు. కానీ ఈ విషానికి ఆ మందే ఎందుకు విరుగుడు, ఎప్పటిదాకా ఇస్తూ పోవాలి అన్న లెక్క చెట్టు చెప్పదు. ఛాతీలో గురగుర తగ్గేదాకా, నాడి లేచేదాకా ఇస్తూనే ఉండమని ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే, రసాయనం ఎక్కడ పేరుకుందో, దాన్ని అట్రోపిన్ ఎక్కడ అడ్డుకుంటుందో తెలిసినందుకే.

కప్పలకు అన్యాయం జరగలేదని నేను అనడం లేదు. ప్రతి ఏడూ ప్రతి డిగ్రీ కాలేజీలో, పుస్తకంలో బొమ్మ ఉన్న అవయవాలనే మళ్లీ చూడడానికి కప్పను కోయించడం అన్యాయమే. 2014లో యూజీసీ ఆ కోతలను ఆపమనడం సరైన నిర్ణయం. తెలిసినదాన్ని పిల్లలకు చూపించడానికి కంప్యూటర్ బొమ్మ చాలు. అయితే కంప్యూటర్‌లో ఉండేది ఎవరో ఒకరు కొలిచి పెట్టిందే. ఎవరూ కొలవని సంగతి దాన్ని అడిగితే చెప్పదు. పాఠానికీ పరిశోధనకీ తేడా చెరిపేసి రెండింటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే ఈ వాదన కుంటుతోంది. పైగా 1987లో కేంద్రం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించేదాకా మన దేశపు పొలాల నుంచి కప్పలు టన్నుల లెక్కన వెళ్లింది ప్రయోగశాలలకు కాదు, విదేశాల భోజనాల బల్లల మీదికి.

ఇక ‘తెల్లవాళ్ల చదువు’ అన్న మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. అదే ఏడు లండన్‌లో ఎగుల్టన్ దంపతులు కప్ప కండరంలో అదే పదార్థం జాడ పట్టారు. అప్పటికి పండితుల నమ్మకం, కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని. 1930లో డెన్మార్క్‌లో లండ్స్‌గార్డ్ కప్ప కండరంలో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషం పెట్టి చూశాడు. అయినా అది ముడుచుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ మాత్రం తరిగిపోయింది. మన సుబ్బారావు పట్టుకున్న పదార్థం అసలు విలువ లోకానికి తెలిసింది ఆ కప్ప కండరంతోనే. ఆయన ఫొటోకు దండ వేసి, కప్ప మీద పనిని పనికిమాలినదనడం కుదరదు.

కప్పల మీద ప్రేమతోనే ఈ పరిశోధన వద్దనేవారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. ఆస్ట్రేలియాలో, మధ్య అమెరికాలో కప్పజాతులకు జాతులే తుడిచిపెట్టుకుపోయాయి. చర్మానికి పట్టే ఒక బూజు వల్ల అని 1998లో తెలిసింది. కానీ పైపై చర్మానికి పట్టిన బూజు ప్రాణం ఎలా తీస్తుంది? జవాబుకు దారి వేసింది డెన్మార్క్‌కు చెందిన హాన్స్ ఉసింగ్. కప్ప చర్మాన్ని రెండు గదుల మధ్య తెరలా బిగించి, దాని కణాలు సోడియాన్ని లోపలికి తోడుకునే తీరును కరెంటు రూపంలో కొలిచే పద్ధతిని ఆయన 1951లో ప్రకటించాడు. 2009లో జేమీ వాయల్స్ బృందం బూజు పట్టిన కప్పల చర్మంలో లవణాల రవాణాను కొలిస్తే, అది సగానికి పైగా పడిపోయింది. నెత్తురులో సోడియం, పొటాషియం తరిగి, చివరికి గుండె ఆగి అవి చనిపోతున్నాయి. కప్ప చర్మంతో తాగుతుంది, చర్మంతో ఊపిరి తీస్తుంది కాబట్టి చర్మం చెడితే అంతా చెడుతుంది. ఉసింగ్ పని లేకపోతే ఈ చావుకు కారణం ఇంత స్పష్టంగా దొరికేది కాదు.

ఆ బూజు జాడ పశ్చిమ కనుమల్లోనూ దొరికింది. అది ఉందో లేదో చూడడానికి కప్పను కోయనక్కర్లేదు. చర్మాన్ని దూదిపుల్లతో తుడిచి, కప్పను నీళ్లలోకి వదిలేసి, ఆ దూదిని పరీక్షకు పంపితే చాలు. కప్పల గురించి బాధపడుతున్నవాళ్లు మన జిల్లా కాలేజీలను అడగవలసింది ఈ పని. ఈశాన్య రుతుపవనం వచ్చి చెరువులు నిండే అక్టోబరు, నవంబరు నెలలే దానికి అదను.