మోటారునకు తగిన తీగ

కాలువ యిఱుకైనచో చివరి మడికి నీరు చాలదని రైతునకు ఎవ్వరును బోధింపనక్కఱలేదు. విద్యుత్తునకును ఇదియే న్యాయము. అయినను తీగ కొనునప్పుడు మాత్రము మనలో పెక్కుమంది సన్నని దానినే కోరుచున్నారు. ఈ పొదుపు పొదుపు కాదని మా యభిప్రాయము.

1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిదప ఆ చుట్టుపట్ల పొలములు మేడలైనవి. వానికి పడమటగా శంకర్‌పల్లి, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములలో కూరగాయల సేద్యమును పూలతోటలును నేటికిని నిలిచియున్నవి. ఇచట నేల క్రింద నుండునది గ్రానైటు రాయి. నీరు పడిన చోటనే బోరు. స్తంభమున్న చోటనే స్టార్టరు. నడుమ దూరమును తీగయే భరింపవలయును.

గత వేసవిలో ఒక సభ్యుని తోటకు పోయితిమి. 5 హార్సుపవరు మూడు ఫేజుల మోటారు రెండుమారులు కాలి, టమాటా మడులు ఎండిపోయినవి. స్టార్టరునుండి బోరునకు 200 మీటర్లు. మోటారు దింపిన లోతు 100 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 8 ఆంపియర్లను సులభముగా మోయునని అంగడిలో చెప్పిరట. ఆ మాట అసత్యము కాదు. కాని అది తీగ కాలదనుటకే హామీ, మోటారు కాలదనుటకు కాదు.

లెక్క సులభము. మొత్తము మీటర్లను ఆంపియర్లచే హెచ్చించి, 37చేతను తీగ కొలతచేతను భాగించినచో, మూడు ఫేజుల రాగితీగలో తఱుగు వోల్టులు సుమారుగా తెలియును. పై తోటలో 2.5 తీగకు 26 వోల్టులు, 4 తీగకు 16, 6 తీగకు 11 తఱుగును. 415 వోల్టులలో నూటికి 3 పాళ్లు, అనగా 12 వోల్టులకు మించకుండుట మేలు. కావున అచట 6 తీగయే తగినది. అల్యూమినియమైనచో 10 కావలయును.

వోల్టులు నూటికి 10 తగ్గినచో మోటారు త్రిప్పుబలము 19 తగ్గును. అది పని సాగించుటకై హెచ్చు కరెంటు లాగి వేడెక్కి, వైండింగును చెఱచుకొనును. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చినది. బిల్లు లేనందున తీగలో పోవు నష్టము కనబడదు. మోటారు కాలిననాడే కనబడును.

లావు తీగ వెల హెచ్చని యందురు. నిజమే. అందుకే మోటారునకు అప్పిచ్చు సంఘము తీగకును అప్పియ్యవలయుననియు, సభ్యులందఱకు ఒక్కమాఱే కొని పంచవలయుననియు మేము కోరుచున్నాము. స్తంభము కడనే వోల్టులు తక్కువైనచో లావు తీగ ఆ లోపమును తీర్చజాలదు. కావున మోటారు నడచుచుండగా స్టార్టరు కడ ముందు కొలిపింపుడు. పిదప బోరు లోతును కలిపి దూరము కొలువుడు. ఆ మీదట అంగడికి పొండు.