చెఱలోని స్త్రీకి మనోబలము

చెఱసాలకు గోడ కట్టుట దొరతనమునకు సులభము. ఆ గోడలోపల క్రుంగిన మనస్సును నిలువబెట్టుట కష్టము. ఈ రెండవ పనిని విడిచిన ప్రభుత్వము ఖైదీని శిక్షించినదే కాని సంస్కరించినది కాదు.

ఈ సత్యమును దుర్గాబాయమ్మగారు స్వానుభవమున నెరిగిరి. ఉప్పు సత్యాగ్రహ దినములలో వేలూరు చెఱసాలయందు ఆమె సాధారణ ఖైదీ స్త్రీల దురవస్థను కన్నులార చూచిరి. న్యాయశాస్త్రము చదువ సంకల్పించుటకు అదియొక కారణము. మధుర చెఱసాలలోని ఏకాంత నిర్బంధము ఆమె ఆరోగ్యమును చెరచినది. దేశభక్తియే ఊపిరిగా గల ధీరురాలినే ఒంటరితనము అంతగా క్రుంగదీయగా, ఏ ఆశయమును అండగా లేని కూలిస్త్రీ మాట చెప్పవలెనా? 1937లో చెన్నపట్టణమున ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభ స్త్రీలకు చదువును, చేతిపనిని, ధైర్యమును కలిపి ఇచ్చినది. చెఱలోని స్త్రీకి కావలసినదియు ఆ మూడే.

2022 సంవత్సరాంతమున దేశమందలి ఖైదీలు 5,73,220 మంది. అందు స్త్రీలు 23,772 మంది, అనగా నూటికి నలుగురు. తక్కువ మంది యగుటయే వారికి శాపమైనది. స్త్రీలకు ప్రత్యేక కారాగారములు జిల్లాకొకటి లేవు. రాయలసీమకు కడపలోని కారాగారమే దిక్కు. ఆస్పరి మీదుగా పోవు రైలుదారియే గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి దాటి కడప చేరును. కాని కూలి మానుకొని, చార్జీలు పెట్టుకొని ములాఖత్తుకు పోగల కుటుంబములెన్ని? పురుషుడు చెఱకు పోయిన భార్య ఎదురుచూచును. స్త్రీ పోయిన, ఇంటి తలుపే మూతపడును.

ఆపై బిడ్డల దిగులు. మన రాష్ట్రము ప్రతివాదిగా నడచిన ఉపాధ్యాయ్ వ్యాజ్యములో 2006లో సుప్రీం కోర్టు, ఆరేండ్లు నిండువరకు బిడ్డను తల్లికడ ఉంచవచ్చునని తీర్పు చెప్పినది. ఆరేండ్లు నిండిన దినమున ఆ తల్లి మనస్సునకు మందేమి?

మందు చట్టములో కలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెఱసాల వైద్యులందరికి మనోవైద్యమున ప్రాథమిక శిక్షణ ఇయ్యవలెనని, ప్రతి రాష్ట్రమున కనీసము ఒక్క కారాగారములోనైన మనోవైద్యాలయ ముండవలెనని శాసించినది. శాసనము కాగితమున నున్నంతకాలము రోగి రోగిగానే యుండును.

మనోవిద్య యనగా నీతిబోధ కాదు. నిద్రలేమిని, దిగులును, కోపమును గుర్తించుట. వానిని నోరువిప్పి చెప్పుట. విడుదల దినమునకు ముందే తన వారితో మాటలు కలుపుకొనుట. తెలంగాణ కారాగారములలో ఆచార్య బీనా చింతలపూరిగారు నడపిన ‘ఉన్నతి’ శిక్షణ ఈ విద్య సాధ్యమని చూపినది.

నేరము చేసినదాని కీ ఉపచారమేలయని కొందరందురు. దేశమందలి ఖైదీలలో నాల్గింట మూడుపాళ్లు విచారణ ముగియనివారే. వారి నేరమింకను రుజువు కాలేదు. శిక్ష పడినదియు ఏనాడైనను మన వీధికే తిరిగి రావలసినది. విరిగిన మనస్సుతో వచ్చుట మేలా? నిలద్రొక్కుకొని వచ్చుట మేలా?

కావున ప్రభుత్వమును మేము కోరునవి మూడు: ప్రతి స్త్రీల కారాగారమున నిత్యము అందుబాటులో నుండు మనోవైద్య సలహాదారిణి, మన పడమటి తాలూకాల స్త్రీలు తెలుగే కాక కన్నడము, ఉర్దూ మాటలాడుదురు గనుక వారి భాషలోనే బోధ, విడుదలకు మూడు నెలల ముందు కుటుంబముతో సంప్రదింపు. ఆదోని, ఎమ్మిగనూరు న్యాయవాదులును, మహిళా సంఘములును ఈ కార్యమునకు పూనుకొనవలెను. బెయిలు అర్జీతో వకీలు ధర్మము తీరదు. తలుపు తెరచి పిలుచు ఇల్లొకటి ఉన్ననాడే ఆ స్త్రీకి నిజమైన విడుదల.