దిక్కు చూసి వినే యాంటెన్నా

డాబా మీద చేపముల్లు లాంటి యాంటెన్నా. పైన ఒకరు గొట్టం తిప్పుతుంటే కింద టీవీ ముందు నుంచి కేకలు... ‘వచ్చింది’, ‘పోయింది’, ‘ఆఁ, అక్కడే ఉంచు!’ దూరదర్శన్ రోజులు చూసిన ఇళ్లలో ఈ ముచ్చట తెలియనివారుండరు.

ఆ చేపముల్లు పుట్టిల్లు జపాన్. 1926లో తోహొకు విశ్వవిద్యాలయానికి చెందిన షింటారో ఉడా, హిడెట్సుగు యాగీ దాన్ని లోకానికి పరిచయం చేశారు. పేరు మాత్రం ‘యాగీ’ అనే నిలిచిపోయింది. అది కొత్తగా బలమేమీ పుట్టించదు. చెవి వెనక చెయ్యి అడ్డుపెట్టుకుని విన్నట్టు, మిగతా దిక్కులు వదిలేసి ఒక్క దిక్కునే గట్టిగా వింటుంది. మాట పంపేటప్పుడూ అంతే.

కష్టకాలంలో తోడు

కొల్లాపూర్‌కు ఒకవైపు నల్లమల, ఇంకోవైపు సోమశిల దగ్గర కృష్ణమ్మ. 2009 అక్టోబరు వరదల్లో 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలం డ్యామ్‌కు సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. కర్నూలు, అలంపూర్ మునిగాయి. అలాంటప్పుడు కరెంటు పోతే సెల్ టవర్లూ మూగబోతాయి. బ్యాటరీతో నడిచే చేతి రేడియో మాత్రం పలుకుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. అండమాన్ క్షేమ సమాచారాలను బయటి ప్రపంచానికి చేర్చింది ఆమె హ్యామ్ రేడియోనే!

ఇంట్లోనే ఇలా...

హ్యామ్‌లు వాడే 145 మెగాహెర్ట్జ్‌కు సరిపడే యాంటెన్నాకు కావలసింది ఓ పాత స్టీలు కొలటేపు, పీవీసీ పైపు, పైపు క్లాంపులు, కోయాక్సియల్ కేబుల్. టేపును నాలుగు ముక్కలు చేయాలి. వెనక ఉండేది 105 సెంటీమీటర్లు. మధ్యలో 45 సెంటీమీటర్ల ముక్కలు రెండు, వాటి నడుమ రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ. ముందుది 89. వెనకదానికీ మధ్యదానికీ 20, మధ్యదానికీ ముందుదానికీ 32 సెంటీమీటర్ల ఎడం ఉంచి పైపుకు బిగించాలి. మధ్య ముక్కల కొసల్లో రంగు గీకి, కేబుల్ లోపలి తీగను ఒకదానికి, పైఅల్లికను రెండోదానికి టంకం పెట్టాలి. 12 సెంటీమీటర్లకు పైచిలుకు రాగితీగను ‘యు’లా వంచి ఆ రెండు ముక్కలనూ కలపాలి. తీగ కలిపితే షార్ట్ కాదా అని భయపడొద్దు. యాంటెన్నాకూ కేబుల్‌కూ పొత్తు కుదిర్చేది అదే.

సరిచూసుకోవాలిగా!

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూస్తే అంకె 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఎక్కువ చూపిస్తే ‘యు’ తీగ ఎడాన్ని కొద్దికొద్దిగా మార్చాలి. మీటరు లేనివాళ్లు వినడానికైనా వాడుకోవచ్చు. వెనక కొస పట్టుకుని, టేపు ముక్కలు నిలువుగా ఉండేలా ఉంచి మెల్లగా చుట్టూ తిరగాలి. మాట ఎటు గట్టిగా వినిపిస్తే స్టేషన్ అటే. ఇంకో చోటికెళ్లి మళ్లీ చూసి, రెండు దిక్కులనూ మ్యాపు మీద గీస్తే గీతలు కలిసే చోటు తెలుస్తుంది. అడవిలో దారి తప్పినవాళ్ల చేతిలో రేడియో ఉంటే వెతికేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అయితే కొండను తొలుచుకుపోయే యాంటెన్నా మాత్రం లేదు. అడ్డులేని ఎత్తయిన చోటు చూసుకోవాల్సిందే.

కరెంటు తీగల దగ్గర, ఉరుములు ఉరిమేటప్పుడు ఈ ప్రయోగం వద్దు. మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. వరద వచ్చాక నేర్చుకునే విద్య కాదిది. పిల్లలకు సెలవులున్నప్పుడే టేపు, పైపు ముందేసుకుని కూర్చోండి!