ఆగిన బండి తాగే పెట్రోలు

ఎండాకాలం సాయంత్రాల్లో ఇబ్రిలో ఏ కరక్ చాయ్ కొట్టు ముందైనా నాలుగైదు బండ్లు ఆగి ఉంటాయి. ఇంజన్లన్నీ నడుస్తూనే ఉంటాయి. హారన్ కొడితే కుర్రాడు టీ తెచ్చి కిటికీలోంచి అందిస్తాడు. మనవాళ్లకూ ఈ అలవాటు బాగానే అబ్బింది. బడి గేటు దగ్గర ఇరవై నిమిషాలు, సూపర్ మార్కెట్ బయట పది నిమిషాలు, ఏసీ వేసుకుని ఫోన్ చూస్తూ కూర్చోవడమే.

‘పెట్రోలు చవకే కదా, ఏం పోతుంది?’ అంటారు. చవకే, కాదనలేం. 2016 జనవరిలో ఒమాన్ ఇంధన సబ్సిడీ ఎత్తేసినా, 2021 చివర్లో ఆ ఏడాది అక్టోబరు సగటును మించకుండా ధరకు కళ్లెం వేసింది. ఆ పరిమితి ప్రకారం ఎం91 లీటరు 229 బైసాలు. హైదరాబాద్ బంకు రేటులో ఇంచుమించు సగం.

అయినా లెక్క వేసి చూద్దాం. రెండు లీటర్ల ఇంజనున్న కారు ఏసీ లేకుండా ఊరికే నిలబడితే గంటకు అర లీటరు పైనే తాగుతుంది. ఏసీ వేస్తే లీటరు అనుకోవచ్చు. పెద్ద ఎస్‌యూవీ అయితే ఇంకా ఎక్కువే. రోజుకు అరగంట చొప్పున నెలకు 26 రోజులంటే 13 లీటర్లు, దాదాపు మూడు రియాళ్లు. ఏడాదికి 36 రియాళ్లు. ఆ డబ్బుతో ఇక్కడి నుంచి మస్కట్‌కు మూడుసార్లు వెళ్లి రావచ్చు. ఆస్తులు కరిగిపోయే ఖర్చు కాదు గానీ, గాలికి వదిలేసే సొమ్మూ కాదు. పొగ లెక్క వేరే ఉంది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 500 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉన్న ఊళ్లో ఉంటూ మనం చేస్తున్న పని ఇది!

ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ పెట్రోలు పడుతుందన్న మాట మన నాన్నల కాలం కార్లది. కార్బురేటర్, చోక్ ఉన్న రోజుల్లో అందులో కొంత నిజముండేది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లకు అది వర్తించదు. పది సెకన్లకు మించి నిలబడితే ఆపడమే లాభమని అమెరికాలోని ఆర్గాన్ పరిశోధనశాల కొలిచి చెప్పింది. 2020 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం ‘రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్’ అని ప్రచారం మొదలుపెట్టింది కూడా ఈ ధైర్యంతోనే.

అయితే ఢిల్లీ సూత్రాన్ని ఇక్కడ అక్షరాలా పాటించమని నేను చెప్పను. ఈ వేడికి బ్యాటరీలు త్వరగా పోతాయి. పాత బండిని ప్రతి సిగ్నల్ దగ్గరా ఆపి తీస్తే, మిగిలిన బైసాలు బ్యాటరీ కొట్టువాడికి పోతాయి. కొత్త కార్లలో దానంతటదే ఇంజన్ ఆగే ఏర్పాటు ఉన్నా, నడి వేసవిలో ఏసీ భారం వల్ల అది తరచూ పనిచేయదు. కాబట్టి సిగ్నళ్లను వదిలేయండి. రెండు మూడు నిమిషాలకు మించి ఆగే చోట ఆపండి, అది చాలు.

ఇంకో మాట, పెట్రోలు కంటే పెద్దది. పిల్లలు లోపల ఉండగా ఇంజన్ ఆపి దుకాణంలోకి వెళ్లకండి. 45 డిగ్రీల ఎండలో మూసిన కారు నిమిషాల్లో కొలిమి అవుతుంది. అలాగని ఏసీ వేసి వాళ్లను ఒంటరిగా వదలడమూ భద్రం కాదు. ఇంజన్ ఆగిపోవచ్చు, పిల్లాడు గేరు లాగొచ్చు. ‘రెండు నిమిషాల్లో వచ్చేస్తా’ అన్న పని బిల్లు కౌంటర్ దగ్గర పదిహేను నిమిషాలవుతుందని అందరికీ తెలుసు. చంకనేసుకునైనా వెంట తీసుకెళ్లండి.

బడి దగ్గర మాత్రం మార్పు తేలిక. ఇరవై నిమిషాల ముందే వచ్చి ఇంజన్ తిప్పుకుంటూ కూర్చునే బదులు, గంట కొట్టే వేళకు బయల్దేరితే సరిపోతుంది. పక్క వీధి పిల్లల్ని వంతులవారీగా ఒకే బండిలో తెచ్చుకుంటే గేటు ముందు వరుసా తగ్గుతుంది, ఆ పొగ మధ్యలోంచి నడిచి వచ్చే పిల్లలకు కాస్త గాలీ ఆడుతుంది.