మ్యాప్‌లో మీ వీధి ఎరుపా, ఆకుపచ్చా? కరెంటు లెక్కల్లో రంగు ఎలా పడుతుంది

సబ్బులు, మందులు అమ్మే కంపెనీలు నగరాన్ని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కను ఒక్కో సేల్స్ ప్రతినిధికి అప్పగిస్తాయి. నెలాఖరుకు ఎక్కడ ఎంత అమ్ముడైందో మ్యాప్‌పై రంగుల్లో చూసుకుంటాయి. లక్ష్యం దాటితే ఆకుపచ్చ, వెనకబడితే ఎరుపు.

మన ఇళ్లకు కరెంటు అమ్మే డిస్కంలు కూడా ఇలాంటి లెక్కే వేసుకుంటాయి. తేడా ఏమిటంటే, సబ్బుల మ్యాప్ తప్పయితే నష్టం ఆ కంపెనీకే. కరెంటు మ్యాప్ తప్పయితే తనిఖీ బృందం వేరే వీధికి వెళ్తుంది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అవసరమైన చోట కాకుండా ఇంకోచోట పడుతుంది. చేయని తప్పుకు ఓ లైన్‌మన్ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

డిస్కంలో ‘టెరిటరీ’ అంటే?

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ డిస్కంలు ఉన్నాయి. తెలంగాణలో దక్షిణ, ఉత్తర డిస్కంలు, ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు, మధ్య, దక్షిణ డిస్కంలు. ఒక్కో డిస్కం కింద సర్కిల్, డివిజన్, సబ్‌డివిజన్, సెక్షన్ ఉంటాయి. తెలంగాణలో సెక్షన్‌కు ఏఈ, సబ్‌డివిజన్‌కు ఏడీఈ, డివిజన్‌కు డీఈ, సర్కిల్‌కు ఎస్‌ఈ బాధ్యులు.

ఇవి ఆఫీసు గీసుకున్న హద్దులు. కరెంటు నడిచే దారి వేరు. 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి 11 కేవీ ఫీడర్లు బయల్దేరతాయి. ఫీడర్ నుంచి వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు, అక్కడి నుంచి మీ మీటర్‌కు కరెంటు వస్తుంది. ఈ రెండింటినీ ఒకే మ్యాప్‌పై కలపడమే జీఐఎస్ మ్యాపింగ్ పని. ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందిదో నమోదు చేయడాన్ని వినియోగదారుల ఇండెక్సింగ్ అంటారు. కేంద్రం 2008లో తెచ్చిన ఆర్‌ఏపీడీఆర్‌పీ పథకం కింద పట్టణాల్లో ఈ పని పెద్ద ఎత్తున చేపట్టారు.

పనితీరును ఎలా కొలుస్తారు?

కొలమానం పేరు ఏటీ అండ్ సీ నష్టం. అంటే సాంకేతిక, వాణిజ్య నష్టాలు కలిపి. లెక్క కష్టమేమీ కాదు. ఒక ప్రాంతానికి 100 యూనిట్లు పంపితే 90 యూనిట్లకే బిల్లు పడిందనుకుందాం. ఆ బిల్లుల్లో 95 శాతం సొమ్మే వసూలైంది. 90 శాతంలో 95 శాతం అంటే 85.5. మిగిలిన 14.5 శాతం నష్టం.

ఈ నష్టంలో తీగల్లో వేడిగా పోయేది ఉంటుంది. దొంగ కనెక్షన్లు, పాడైన మీటర్లు, కట్టని బిల్లులు కూడా ఉంటాయి. 2021లో ఆమోదం పొందిన కేంద్ర పథకం ఆర్‌డీఎస్‌ఎస్, దేశవ్యాప్తంగా ఈ నష్టాన్ని 12 నుంచి 15 శాతానికి తగ్గించాలని లక్ష్యం పెట్టింది. కాబట్టి మ్యాప్‌లో రంగుకు డబ్బుతో నేరుగా సంబంధం ఉంది.

రంగు ఎక్కడ తప్పుతుంది?

ఓ చిన్న ఉదాహరణ చూద్దాం. పక్కపక్క వీధుల్లో ఎ, బి అనే రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. నెలకు ఒక్కోదానికి 10,000 యూనిట్లు అందాయి. ఎ కింది ఇళ్లు 9,200 యూనిట్లు, బి కింది ఇళ్లు 9,000 యూనిట్లు వాడాయి. అసలు నష్టం ఎ లో 8 శాతం, బి లో 10 శాతం.

ఇప్పుడు ఎ కింద ఉన్న 10 ఇళ్లు రికార్డులో పొరపాటున బి కింద నమోదయ్యాయి. ఇంటికి 200 చొప్పున 2,000 యూనిట్లు అటు వెళ్లిపోతాయి. ఎ లో బిల్లు 7,200 యూనిట్లకు తగ్గి, నష్టం 28 శాతంగా కనిపిస్తుంది. బి కి ఇచ్చింది 10,000 యూనిట్లయితే బిల్లు 11,000కు పడుతుంది. మ్యాప్‌లో ఎ చిక్కటి ఎరుపు, బి మెచ్చుకోదగ్గ ఆకుపచ్చ.

ఒక్క యూనిట్ కూడా దొంగతనం పెరగలేదు. రెండూ కలిపి చూస్తే నష్టం మునుపటిలాగే 9 శాతం. రెండూ ఒకే సెక్షన్‌లో ఉంటే తప్పు లోపలే సర్దుకుంటుంది. సెక్షన్ల హద్దు మధ్యలో పోతే మాత్రం ఒక ఏఈకి మెమో, ఇంకో ఏఈకి ప్రశంస.

ఇచ్చిన దానికంటే ఎక్కువ కరెంటు అమ్మడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే అతి మంచి అంకె కనిపించినా అనుమానించాలి. ఎరుపు పక్కనే అలాంటి ఆకుపచ్చ ఉంటే తనిఖీ బృందాన్ని పంపే ముందు రికార్డు తెరిచి చూడాలి.

ఇంకా ఏయే కారణాలు?

ఒక ఫీడర్‌లో లోపం వస్తే పక్క ఫీడర్ నుంచి సరఫరా ఇస్తారు. ఆ యూనిట్లు పక్క ఫీడర్ ఖాతాలో పడతాయి, బిల్లులు మాత్రం పాత ఫీడర్ కిందే ఉంటాయి. ఫీడర్ మీటర్ రీడింగ్ తేదీ, ఇళ్ల రీడింగ్ తేదీలు ఒకటి కాకపోవడం మరో కారణం. వేసవి మొదట్లో వాడకం వేగంగా పెరిగినప్పుడు ఈ తేడా పెద్దదవుతుంది.

పంపుసెట్లున్న ప్రాంతాల కథ వేరు. ఉచిత విద్యుత్ పొందే బోర్లలో చాలావాటికి మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వాటి ఆధారంగా మొత్తం వాడకాన్ని అంచనా వేస్తారు. ఆ అంచనాను కాస్త పెంచితే నష్టం తగ్గినట్టు, తగ్గిస్తే నష్టం పెరిగినట్టు కనిపిస్తుంది. అందువల్ల అపార్ట్‌మెంట్ల సెక్షన్‌ను, పొలాల సెక్షన్‌ను ఒకే రంగుల పట్టికతో పోల్చడం సరికాదు.

స్మార్ట్ మీటర్లు వస్తే సరిపోతుందా?

కొంతవరకే. ఇళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఫీడర్లన్నింటికీ స్మార్ట్ మీటర్లుంటే ఒకే సమయానికి రీడింగ్ దొరుకుతుంది. తేదీల గొడవ తీరుతుంది. కానీ మీటర్ ఎంత కచ్చితంగా కొలిచినా, అది ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందిదో రాసింది మనిషే. ఆ నమోదు తప్పయితే తప్పు లెక్క మరింత వేగంగా అందుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడల్లా, కొత్త లైన్ లాగినప్పుడల్లా అదే వారం మ్యాప్‌నూ సరిచేయాలి.

మీరేం చేయొచ్చు?

మరమ్మతుల కోసం కరెంటు ఆపుతున్నామని మీకు మెసేజ్ వచ్చినా మీ వీధిలో సరఫరా ఆగలేదా? మెసేజ్ లేకుండానే పదే పదే ఆగుతోందా? 1912కు ఫిర్యాదు చేస్తే ‘అది మా సెక్షన్ కాదు’ అంటున్నారా? మీ సర్వీస్ తప్పు చోట నమోదై ఉండొచ్చు. బిల్లుపై ఉన్న సర్వీస్ నంబర్, మీకు కరెంటు వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ నంబర్ రెండూ రాసి సెక్షన్ ఆఫీసులో సరిచేయమని అడగండి.

ఇంకో అవకాశమూ ఉంది. విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదించిన మేర నష్టాల భారం ఛార్జీల్లో కలుస్తుంది. ఆ ఛార్జీలు ఖరారు చేసేముందు మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మీ ప్రాంతంలో నష్టం ఎంతో అడిగి ఊరుకోకండి. ఆ అంకె వేసేముందు ఇళ్ల నమోదును చివరిసారి ఎప్పుడు సరిచూశారో కూడా అడగండి.